ఎస్తర్ రాణికి కావలసిన ఏనుగు

నర్సీపట్నంలో పెదబొడ్డేపల్లి వైపు వెళ్ళే దారిలో, చర్చి గోడ పక్క సందులో, నాలుగో ఇంటి ముందుగదిలో పళ్ళు పుడతాయి. ఎస్తర్ రాణి చేతుల్లో పుడతాయి. ఊళ్ళోని పళ్ళ డాక్టర్లు పంపే అచ్చులు పొద్దున్నే అట్టపెట్టెల్లో వస్తాయి. గొలుగొండ రైతు దవడ, కొయ్యూరు ముసలమ్మ దవడ, కోటవురట్ల మాస్టారి దవడ, అన్నీ తెల్లటి ప్లాస్టర్‌లో నోరు తెరుచుకుని బల్ల మీద వరసగా కూర్చుంటాయి. ఆమె వాటికి మైనంతో చిగుళ్ళు కడుతుంది. పళ్ళు నాటుతుంది. మైనం కరిగించి, ఆ చోట గులాబీరంగు ప్లాస్టిక్ నింపి ఉడికిస్తుంది. అంచులు గీకి, చివరికి గిర్రున తిరిగే గుడ్డచక్రం మీద మెరుగు పెడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఆ పళ్ళు ఎవరి నోట్లో నవ్వుతున్నాయో ఆమెకు తెలియదు. సంతలో ఎవరైనా పకపకా నవ్వితే మాత్రం ఒక్క క్షణం ఆగి చూస్తుంది, తన పన్నేమోనని.

అలాంటి మనిషి నలభై రెండేళ్ళ వయసులో ఒక ఏనుగు కోసం నిద్ర మానుకుంది.

ఆ ఏనుగును మొదట చూపించినవాడు ఆమె పిన్ని కొడుకు ప్రభుకుమార్. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం. సెలవు రోజుల్లో నలుగురు స్నేహితులతో కలిసి పెద్ద బల్ల మీద యుద్ధాలు ఆడతాడు. చిటికెన వేలంత ప్లాస్టిక్ సైనికులు, పాచికలు, కొలతల టేపు, అట్టముక్కల కొండలు. రెండు వారాల క్రితం ఒక శనివారం బస్సు దిగి వచ్చి, దవడల మధ్య చోటు చేసుకుని రెండు పెట్టెలు పెట్టాడు.

చిన్న పెట్టెలో పదిమంది సైనికులున్నారు, ఇంకా ముక్కలుగానే. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రానికి పిందెల్లా వేలాడుతున్నారు. తలలు ఒకచోట, చేతులు ఒకచోట, బల్లేలు ఒకచోట.

"రంగులెయ్యడం మాకు సరదాయే అక్కా. దాని ముందు పనికే ఎవడికీ ఓపిక నేదు," అన్నాడు ప్రభుకుమార్. "ముక్కలు కొయ్యాలి, గీకాలి, కడగాలి, అతికించాలి, ఆ పైన రంగు పట్టడానికి ప్రైమర్ కొట్టాలి. ఇదిగో, ఈడి మొహం సూడు. అచ్చు రెండు సగాలూ కలిసినకాడ గీత. ఇది ఉండిపోయిందనుకో, రంగేశాక కత్తిగాటులా కనిపిస్తాది."

ఎస్తర్ రాణి ఆ తలను భూతద్దం కిందికి తెచ్చుకుంది. గోరు చివరంత మొహం. నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా వెంట్రుకలాంటి గీత. దానికి అటూ ఇటూ రెండు కళ్ళు, ఎక్కడో దూరాన లేస్తున్న దుమ్మును చూస్తున్నట్టు. తన చేతి కిందికి ఇన్నాళ్ళూ నోళ్ళే వచ్చాయి. మొహం రావడం ఇదే మొదలు.

"ఆ పెద్ద పెట్టెలో ఏటుంది?"

ప్రభుకుమార్ మూత కొంచెం ఎత్తాడు. యుద్ధపుటేనుగు. నలభై ఆరు ముక్కలు. అంబారీ, మెడగంటలు, దంతాలకు తొడుగులు, ఎండిన ఆకుల్లా ఈనెలు తేలిన చెవులు.

"దీన్ని బెంగుళూరు పంపుదామంటన్నారు మావోళ్ళు. అక్కడొకాయన ఇలాటివి సేస్తాడంట. నేనేమో మా అక్క సెయ్యి సూడండి ముందు అన్నాను. ఈ పదిమందిని సెయ్యి. రెండు వారాలాగి శనివారం వస్తాను. బాగుంటే ఏనుగు నీకే ఇమ్మంటాను. నేదంటే బెంగుళూరుకే."

"పెట్టె ఇక్కడే ఉంచీసి ఎళ్ళరాదా?"

"ఉంచను. నువ్వు ఆగలేవు."

లోపలి గది నుంచి ఎస్తర్ రాణి తల్లి ధనమ్మ వచ్చి ఒక చట్రం ఎత్తి చూసింది. "ఈళ్ళ బల్లేలు కోసెయ్యండి. క్రిస్మస్‌కి మనం కట్టే పశువుల పాకలోకి గొర్రెల కాపరులు సరిపోతారు."

"ఈళ్ళు రాజుగారి సైనికులు పెద్దమ్మా."

"అయితే హేరోదు రాజుకాడ నిలబెట్టండి," అంది ధనమ్మ. మాటతో పాటు ఈల కూడా వచ్చింది. ఆవిడ పళ్ళసెట్టులో ముందుపన్ను ఊడి నెలయింది. "ముందు నా పన్ను సంగతి సూడమను మీ అక్కని. ఊరందరికీ కడతాది. నేను పాట అందుకుంటే పాస్టరుగారు కిటికీలో పిట్ట దూరిందేమోనని సూస్తన్నారు."

"రేపు సేస్తానమ్మా," అంది ఎస్తర్ రాణి, తల ఎత్తకుండా.

ఆ రేపు రాలేదు. పళ్ళ పని త్వరగా ముగించుకుని ప్రతి సాయంత్రం ఆమె సైనికుల దగ్గరకు వచ్చేది. కట్టర్‌తో చట్రం నుంచి ఒక్కో ముక్కనూ తుంచేది. తుంచిన చోట మిగిలిన మొటిమను బ్లేడుతో చెక్కేది. అచ్చు గీత మీద మైనం కత్తి వీపును ఆనించి, ఊపిరి బిగబట్టి, గీకేది. బూడిదరంగు నూగు చలిమంట బూడిదలా వేళ్ళ మీద వాలేది. గీత మెల్లగా మాయమై, కింది నుంచి ముక్కు, పెదవి, కోపం బయటికొచ్చేవి. తొమ్మండుగురికీ తొమ్మిది కోపాలు. ఒకడికి మాత్రం కొంచెం భయం. వాడంటే ఆమెకు ఇష్టం కలిగింది. వాడి చేతులు అతికించేటప్పుడు బల్లెం రెండు చేతులకూ సరిగ్గా అందేలా చూసింది.

అన్నీ అతికాక, గురువారం, తనకు తెలిసిన చివరి పని చేసింది. గుడ్డచక్రానికి పాలిషు పేస్టు రాసి, వేడెక్కకుండా మెల్లగా తిప్పుతూ, పదిమందికీ మెరుగు పెట్టింది. సైనికులు వానలో తడిసిన రాళ్ళలా నిగనిగలాడారు. వాళ్ళను నీళ్ళలో ముంచి తీసి, తుడిచి, కిటికీ అంచున నిలబెట్టింది. ఇంతకన్నా నునుపుగా బెంగుళూరాయన చేయగలడా? చేయలేడు. ఆ ఆనందంలో కూర ఏమిటో చూడకుండా అన్నం తినేసింది.

శుక్రవారం పొద్దున్నే, ఆకాశం తేటగా ఉండగా, వసారాలో అట్టముక్క మీద వాళ్ళను నిలబెట్టి ప్రభుకుమార్ ఇచ్చిన ప్రైమర్ డబ్బా ఊపి కొట్టింది. నల్లటి పొగమంచు. పదిమందీ ఒక్కసారిగా ఒకే సైన్యమయ్యారు. ఎండేదాకా మూడుసార్లు వచ్చి చూసింది. పదిన్నరకి, ఆగలేక, భయస్తుడి భుజం మీద గోరు ఆనించింది.

నల్లటి పొర ఉల్లిపొరలా లేచి గోరుకు అంటుకుంది.

రెండోవాణ్ణి గోకింది. మూడోవాణ్ణి. పదిమందికీ అంతే. శనివారం మధ్యాహ్నం బస్సుకి ప్రభుకుమార్ వస్తాడు. ఏనుగు బెంగుళూరు వైపు ఒక అడుగు వేసినట్టు అనిపించింది ఆమెకు.

అప్పుడే ధనమ్మ తన పళ్ళసెట్టును తీసుకొచ్చి, ఊడిన పన్నుతో సహా, సరిగ్గా ఆ నల్ల సైన్యం ముందు పెట్టింది. "నీ బొమ్మలు ఎలాగూ పాడయ్యాయి కదా. ఇప్పుడైనా కట్టు."

"అమ్మా, ఇప్పుడు కాదు."

"మరెప్పుడు? ప్రభువు రాకడకి ముందా, తర్వాతా?"

ఎస్తర్ రాణికి కోపం రాబోయి నవ్వొచ్చింది. సెట్టు చేతిలోకి తీసుకుంది. పన్ను ఊడిన గుంట చూసింది. కొత్త ప్లాస్టిక్ నింపబోయే ముందు, పద్దెనిమిదేళ్ళ అలవాటు కొద్దీ, చిన్న ఆకురాయి తీసుకుని ఆ గుంట అంచుల మెరుగంతా చెరపసాగింది. పాత ప్లాస్టిక్ గరుకుగా ఉంటేనే కొత్తది పట్టుకుంటుంది. పని నేర్చుకున్న మొదటి వారంలో చెప్పించుకున్న మాట అది.

చెయ్యి ఆగిపోయింది.

పళ్ళకు మెరుగు చివరి పని. దాని మీద ఇంకేదీ అంటకూడదు, అన్నం మెతుకు కూడా. సైనికుల మీద మాత్రం రంగు అంటాలి. తానేమో వాళ్ళకు ఏదీ అంటనంతగా మెరుగు పెట్టింది, పైగా పేస్టులోని జిడ్డు కూడా వదిలించలేదు.

"ఏటే, రాయి పట్టుకుని అలాగుండిపోనావు?" అంది ధనమ్మ.

"నీ నోరు సల్లగుండా అమ్మా."

"నోట్లో పన్ను నేదు గానీ."

ఎస్తర్ రాణి ముందు తల్లి పన్ను కట్టింది. అంత వేగంగా, అంత ప్రేమగా ఎప్పుడూ కట్టలేదు. తర్వాత పదిమందినీ నీళ్ళ బేసిన్‌లో పడేసింది. బాగా అంటుకోని ప్రైమర్ బ్రష్షుతో రుద్దగానే ఊడి రావడం అదృష్టమే అయింది. గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో జిడ్డు వదిలించింది. పళ్ళ పనికి వాడే గరుకు ప్యూమిస్ రాతిపొడిని నీళ్ళతో తడిపి, మెత్తటి పళ్ళ బ్రష్షుతో ఒక్కొక్కణ్ణీ తోమింది, చంకల్లో, మెడ వెనక, డాలు లోపలి వైపు. నిగనిగ పోయింది. సైనికులు మంచు పట్టిన జామకాయల్లా మసకబారారు. అంత అందంగా మసకబారగలరని ఆమె అనుకోలేదు. ఎండలో వంగిపోతారని ఫ్యాను కింద ఆరబెట్టింది.

రెండింటికి వాన వచ్చింది, నాలుగింటికి ఆగింది. గాలిలో తడి పోవాలని ఆమె ఐదు దాకా కాచుకుంది. మొదట భయస్తుడొక్కడికే ప్రైమర్ కొట్టింది. గంట కూర్చుంది. గోరు ఆనించింది. నొక్కింది. గీకింది. నలుపు కదల్లేదు.

వంటింట్లోకి పరుగెత్తి తల్లిని కౌగిలించుకుంది. ధనమ్మ ఏం జరిగిందో అడగకుండా ఒక కీర్తన అందుకుంది, ఈల లేకుండా, మొదటి చరణం మొత్తం. దీపాలు పెట్టే వేళకి మిగతా తొమ్మండుగురూ నల్లబడ్డారు.

శనివారం ప్రభుకుమార్ చెప్పులు విడవకముందే ఒక సైనికుణ్ణి ఎత్తాడు. ఫోను లైటు వేసి మొహం మీద అటూ ఇటూ తిప్పాడు. గోరుతో గీకాడు. గీత కోసం వెతికాడు.

"ఎక్కడుందక్కా?"

"ఏటి?"

"గీత."

"నేదు," అంది ఎస్తర్ రాణి.

అతను పదిమందినీ చూశాడు. భయపడుతున్నవాడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. "ఈడు నిన్ననే ఇల్లొదిలి వచ్చినట్టున్నాడే," అన్నాడు. తర్వాత ఫోనులో ఎవరికో, బెంగుళూరు వద్దని రెండు ముక్కల్లో చెప్పి, సంచీలో చెయ్యి పెట్టాడు.

పెద్ద పెట్టె బల్ల మీదికి వచ్చింది. అతని చెయ్యి మూత దాకా వెళ్ళేలోపే ఎస్తర్ రాణి తెరిచేసింది.

"ఏనుగు మన పాకలో పట్టదు," అంది ధనమ్మ, తొంగి చూసి.

"దీన్నికూడా పాకలో పెట్టేస్తావేటి పెద్దమ్మా?"

"తూర్పుదేశం జ్ఞానులు ఒంటె మీదే రావాలనేటుంది? ఏనుగెక్కి వచ్చుంటే బేగి వచ్చీవోళ్ళు."

ఎస్తర్ రాణి వినడం లేదు. తొండం సగాలు రెండూ ఒకదానికొకటి ఆనించి చూస్తోంది. గీత పై నుంచి కింది దాకా, ముడత ముడతకీ దిగి లేస్తూ, కొండదారిలా పోతోంది. ఎన్ని సాయంత్రాలు పడుతుందో. ఆమె లేచి, ముందుగా గుడ్డచక్రం ప్లగ్గు పీకేసి, మైనం కత్తి అందుకుంది.