గుడ్డు సిస్టరు ఆరో పేజీ చదివిన వారం

ఆమెకు అసలు పేరు ఒకటుందని హాజరుపట్టీ రాసే గుమాస్తాకు తప్ప ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె గుడ్డు సిస్టరు. ఇరవై రెండేళ్లుగా టీకాల గదిలో ఆమెదే రాజ్యం. ఫ్లూ టీకాకని వచ్చిన మనిషి చొక్కా చేయి పైకి మడవకముందే, "గుడ్డు తింటే పడుతుందా?" అని అడిగేది. ఆ టీకాను ఎక్కువగా కోడిగుడ్లలోనే తయారుచేస్తారు కాబట్టి, గుడ్డు పడని ఒంటికి టీకా కూడా పడదేమోనని భయం. పడదన్నవాళ్ళను వెనక్కి పంపి, పేరు, ఫోను నంబరు నీలం అట్ట పుస్తకంలో రాసుకునేది.

ఆ పుస్తకంలో మొదటి పేరు ఆమె సొంత అక్కది. చిన్నప్పుడు ఎవరి పుట్టినరోజుకో గుడ్డు వేసిన కేకు తిని, పెదాలు బుడగల్లా ఉబ్బి, నాలుగు రోజులు ఇంట్లో అందరినీ ఏడిపించిన మనిషి. చలికాలం వచ్చిందంటే చాలు, అక్క పదిరోజులు ఫ్లూ జ్వరంతో మంచం ఎక్కేది. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరితో, ఊరందరికీ టీకాలు వేసే మా చెల్లెలు నన్ను మాత్రం గుమ్మం తొక్కనివ్వదని దగ్గుతూ దగ్గుతూ చెప్పుకునేది.

ఒక సోమవారం పైఆఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. టీకాల భద్రత గురించి సవరించిన సూచనలు, తొమ్మిది పేజీలు. చివర్లో "చదివి అర్థం చేసుకున్నాను" అన్న చోట సంతకం చేయాలి. ముగ్గురు డాక్టర్లూ పదిన్నరకల్లా చేసేశారు. పెద్ద డాక్టరుగారైతే మెట్లు దిగుతూ, కాగితాన్ని గుమాస్తా వీపుమీద ఆనించి మరీ చేశారు.

సిస్టరు చదవనిదే సంతకం పెట్టే రకం కాదు. మధ్యాహ్నం భోజనం డబ్బా కడిగి, టీకాల ఫ్రిజ్ పక్కన కుర్చీ లాక్కుని, మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది. ఆరో పేజీ మధ్యలో ఆగిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. గుడ్డు పడనివాళ్ళకు కూడా, మిగతా వాళ్ళకు వేసినట్టే ఫ్లూ టీకా వేయవచ్చు. గుడ్డు కారణంగా ప్రత్యేకమైన జాగ్రత్తలు అక్కరలేదు. ఇదివరకు ఫ్లూ టీకా వేశాకే తీవ్రమైన అలర్జీ వచ్చిన వాళ్ళ సంగతి మాత్రం వేరు.

ముందు ఆమె చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లూ ఎన్ని వందలసార్లు అడిగిన ప్రశ్న అది. ఆ తర్వాత కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఒక్కతే నవ్వింది. బయట వరుసలో ఉన్నవాళ్ళు సిస్టరుకేమైందని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

తాను తప్పుగా చదివిందేమోనని డాక్టర్ల దగ్గరికి పరుగెత్తింది. గుడ్డు పడని మనిషి వస్తే ఏం చేయాలని అమాయకంగా అడిగింది. పిల్లల డాక్టరమ్మ ముందు సగం డోసు వేసి చూడమంది. పళ్ళమధ్య పెన్ను పెట్టుకుని ఆలోచించిన కుర్ర డాక్టరు, పెద్దాసుపత్రికి పంపేయమన్నాడు. పెద్ద డాక్టరుగారు అసలు వేయవద్దన్నారు. ముగ్గురి సంతకాలూ ఆమె చేతిలోని కాగితం మీదే ఉన్నాయి. మూడు నోళ్ళు, మూడు జవాబులు, ఒక్కటీ ఆరో పేజీలోది కాదు. సిస్టరుకు నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమైందంటే, పెద్ద డాక్టరుగారి గదిలోంచి తుమ్ము వస్తున్నట్టు ముక్కు మూసుకుని బయటపడింది.

శనివారం మీటింగులో ఆమె ఐదు ప్రశ్నలు రాసిన చీటీలు అందరికీ పంచింది. ఇదేంటని పెద్ద డాక్టరుగారు అడిగితే, సంతకానికి ముందు తనకొచ్చిన అనుమానాలని చెప్పింది. పావుగంటలో ఫలితాలు తేలాయి. ఐదింటికి డాక్టరమ్మకు మూడు, కుర్ర డాక్టరుకు మూడు, పెద్ద డాక్టరుగారికి రెండు. సిస్టరు ఆరో పేజీ గట్టిగా చదివి వినిపించింది. కుర్ర డాక్టరు ముందు నవ్వాడు, ఆ తర్వాత డాక్టరమ్మ. పెద్ద డాక్టరుగారు మాత్రం చీటీనే చూస్తూ కూర్చున్నారు.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏదో మందు పడక ఒక మనిషి నా కళ్ళముందే నీలంగా మారిపోయాడు," అన్నారు చివరికి. "బతికాడనుకోండి. కానీ అలర్జీ అన్న మాట చెవిన పడితే ఇప్పటికీ నా చెయ్యి ముందుకెళ్ళదు. కొత్త కాగితం చదివినా పాతదే కనిపిస్తుంది."

సిస్టరుకు నవ్వు ఆగిపోయింది. "భయపడొద్దని ఇందులో లేదు సార్," అంది మెల్లగా. "గుడ్డు పడనివాళ్ళ దగ్గరే కాదు, ఎవరికి వేసినా అలర్జీ వస్తే ఇచ్చే మందుల ట్రే పక్కనే ఉంచుకోమని ఉంది. మనం ఇన్నాళ్ళూ కొందరి దగ్గర మాత్రమే భయపడ్డాం."

ఆయన ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకున్నారు. కాగితం అడిగి తీసుకుని, ఈసారి కూర్చుని, తొమ్మిది పేజీలూ చదివారు. తన సంతకం కొట్టేసి, కింద మళ్ళీ చేశారు. "మొదటి టీకా నేనే వేస్తాను. ఎవరున్నారు?" అన్నారు.

ఎవరో చెప్పాలా? సోమవారం తొమ్మిదింటికే అక్క దిగింది. పెళ్ళికి వెళ్ళేటట్టు పట్టుచీర కట్టుకుని, పక్కింటావిడను సాక్ష్యానికి వెంటబెట్టుకొచ్చింది. పెద్ద డాక్టరుగారు ట్రేలో మందు ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఊపిరి బిగబట్టి వేశారు. ఆపైన పావుగంట అందరూ అక్క పెదాలవైపే చూశారు. అక్క నాలుకతో పెదాలు తడుముకుంది.

"ఏమీ కాలేదేంటే?" అంది చెల్లెలితో, కాస్త నిరాశగా.

పెద్ద డాక్టరుగారు ఎంత నవ్వారంటే, కళ్ళజోడు జారి ట్రేలో పడింది. పక్కింటావిడ అక్కడికక్కడే జాకెట్టు చెయ్యి పైకి మడిచి తనకూ వేయమంది.

ఆ మధ్యాహ్నం సిస్టరు నీలం అట్ట పుస్తకం తెరిచి ఫోన్లు మొదలుపెట్టింది. ఒకాయన నమ్మలేదు. ఒకావిడ అరగంటలో వచ్చేస్తానంది. ఇంకొకాయన తనకు గుడ్డు బాగానే పడుతుందనీ, సూదికి భయపడి అప్పుడు అబద్ధం చెప్పాననీ ఒప్పుకున్నాడు. ఆయన్ని అందరికంటే ముందు రమ్మంది. గురువారానికి వరండాలో కుర్చీలు చాలక, కుర్ర డాక్టరూ గుమాస్తా కలిసి రక్తపరీక్షల గదిలోని బల్లను ఎత్తుకొచ్చి గోడవారగా వేశారు.