పాసులో నలుగురం

చలికాలంలో ఆగ్రా వెళ్ళొచ్చినవాళ్ళు తాజ్‌మహల్ గురించి చెబుతారు. నేను టిక్కెట్ కలెక్టర్ల గురించి చెప్పగలను. పోయేటప్పుడు మా పెట్టెలోకి ఎక్కినాయనకి గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేది. వచ్చేటప్పుడు ఎక్కినాయన పెద్దవాడు, కోటు రెండో గుండీ ఊడిపోయి ఉండేది. తాజ్‌మహల్‌కి ఎన్ని మినార్లని అడిగితే మాత్రం నేనిప్పటికీ కాసేపు ఆలోచించాలి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పని కోసం వచ్చి, షెడ్‌కి దగ్గరలోనే రెండు గదుల క్వార్టరు సంపాదించాడు. అందులో అమ్మ, నాన్న, నేను, మామ్మ, అత్త ఉండేవాళ్ళం. మామ్మ నాన్నకి తల్లి. అత్త నాన్నకి అప్ప, అంటే అక్క, ఆయన కంటే పన్నెండేళ్ళు పెద్దది. చిన్న వయసులోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసి, తమ్ముణ్ణి ఎత్తుకు పెంచింది. చుట్టుపక్కల క్వార్టర్లకి అప్పడాలు చేసి అమ్మేది. నోరు కాస్త పెద్దది. మనసు అంతకంటే పెద్దదని అమ్మ అనేది గాని, నోరే ముందు వినిపించేది.

రైలు పాసంటే మా కాలనీలో పండగ కంటే ఎక్కువ. కంచంలో అన్నం వదిలేస్తే ఎవరైనా ఊరుకుంటారు, చేతికొచ్చిన పాసు వదిలేస్తే మాత్రం ఊరుకోరు. "వేస్టు చేసేసినాడ్రా" అని ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. నాన్న ఎన్నాళ్ళుగానో ఆగ్రా చూడాలనుకుంటున్నాడు. ఎండలు తగ్గకముందే పాసుకి అర్జీ పెట్టాడు. తను, భార్య, ఒక బిడ్డ, వితంతువు అయిన తల్లి, మొత్తం నలుగురు. అప్ప పేరు పెట్టడానికి రూలు ఒప్పుకోదు. అత్తేమో "మీరు ఎల్లి రండి, ఇల్లు నాను సూస్తాను" అంది.

దసరా పనుల కోసం ఊరెళ్ళిన మామ్మ మూడు రోజుల జ్వరంతో అక్కడే పోయింది. సీరియస్ అని తంతి వస్తే, అదే మాట సెలవు కాగితం మీద రాసి నాన్న అత్తని తీసుకుని పరుగెత్తాడు. కర్మలు ముగించుకుని ఇద్దరూ తిరిగొచ్చారు. కాలనీ అందరికీ తెలుసు, కాగితానికి మాత్రం తెలియదు. ఆ వారంలోనే పాసు వచ్చింది. నలుగురికీ.

నాన్న ఆ పాసుని మూడు రోజులు తిప్పి తిప్పి చూశాడు. నాలుగో రోజు అన్నాడు, "అప్పా, నువ్వొచ్చీ."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇదేటండీ, దొరికితే ఉద్యోగం ఊడిపోద్ది. క్వార్టరు కూడా పోద్ది. ఏడాది సూతకంలో యాత్రలేటి?"

"అది గుడి కాదు గదే, గోరీ. గోరీకి సూతకమేటి?" అన్నాడు నాన్న. ఉద్యోగం మాట ఆయన దాటేశాడని నాకు ఆ వయసులోనే అర్థమైంది. అప్పుడు మొదలైన భయం తిరుగు ప్రయాణందాకా నన్ను వదల్లేదు.

అత్త ఒప్పుకుంటుందని నేననుకోలేదు. ఒప్పుకుంది. ఆవిడ అప్పటిదాకా చూసినదల్లా పుట్టినూరు, మా క్వార్టరు, సదర్ బజారే. ఇబ్బందల్లా ఆవిడ జుట్టుతో వచ్చింది. నలభై అయిదేళ్ళొచ్చినా నల్లగా నిగనిగలాడేది. అరవై దాటిన తల్లి అంటే ఎవరు నమ్ముతారు? అమ్మ పొయ్యిలోంచి కట్టెల బూడిద తీసి జల్లించి, నూనెలో కలిపి కణతల దగ్గర రాసింది. మీదనుంచి శాలువా ముసుగు. చలికాలం కావడం అదృష్టం, ముసుగెందుకని ఎవరూ అడగరు. నాకు మాత్రం పదిహేను రోజుల పాటు ఒకటే పాఠం. ఆవిడ అత్త కాదు, మామ్మ. హిందీలో అడిగితే దాదీ. పొరపాటున "అత్తా" అని పిలిచినప్పుడల్లా అమ్మ తొడ మీద గిల్లేది. ప్రయాణం నాటికి నా తొడ మీద మచ్చలు తేలాయి.

కట్నీ వైపు బండి ఎక్కాం. ఉస్లాపూర్ దాటకముందే నాన్న పాసు నాలుగుసార్లు తడుముకున్నాడు. పెండ్రా కొండల దగ్గర చలికి పళ్ళు టకటకలాడాయి. అందరూ కిటికీలు దించి ముడుచుకుని పడుకుంటే నాన్న మాత్రం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి రైళ్ళని బాగుచేసిన మనిషి రైల్లో కూర్చుని అంత బెదిరిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

బీనా దాటాక పుట్టుమచ్చాయన ఎక్కాడు. పాసు చదివాడు, మమ్మల్ని వేలితో లెక్కపెట్టాడు. అత్త దగ్గర వేలు ఆగింది. నావైపు తిరిగి "యే కౌన్ హై బేటీ?" అన్నాడు.

"దాదీ" అన్నాను. గొంతు పిల్లికూతలా వచ్చింది.

సరిగ్గా అప్పుడే అత్త తుమ్మింది. బూడిద కణత మీంచి చెంపకి జారింది. ఆయన అది చూశాడో లేదో నాకిప్పటికీ తెలియదు. పాసు వెనక "నలుగురు, సరి" అన్న అర్థం వచ్చేలా ఏదో గీకి సంతకం పెట్టాడు. ఆయన వెళ్ళాక నాన్న కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు. "ఒక గండం గడిచింది" అని అమ్మ గొణిగింది. నేనేమో ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటున్నాను.

ఆగ్రాలో చెయ్యాల్సిన పనులన్నీ షెడ్‌లో వాళ్ళని అడిగి నాన్న ఒక పాత కాగితం వెనక రాసుకొచ్చాడు. పొద్దున్నే వేడి కచోరీ, జిలేబీ తినాలి. కోట చూడాలి. తాజ్‌మహల్ మంచు విడిచేటప్పుడు ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి చూడాలి. పేఠా మిఠాయి కొనాలి. యమున ఒడ్డున కూర్చోవాలి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కచోరీ తినడం ఒక్కటే మేము మనసారా చేసిన పని. కోట గుమ్మం దగ్గర టోపీ పెట్టుకున్న కాపలావాణ్ణి చూసి నాన్న మమ్మల్ని వెనక్కి తిప్పేశాడు. "లోపల ఏటున్నాది, రాళ్ళే గదా" అన్నాడు. ధర్మశాలలో పుస్తకం మీద పేర్లు, వరసలు రాయమన్నారు. నాన్న అక్కడ కూడా అత్తని "మాతాజీ" అనే రాశాడు. ఒక అబద్ధానికి వంద అబద్ధాలని మా అమ్మ సామెత చెబితే, నోరు మూసుకోమన్నాడు.

మర్నాడు పొద్దున్న తాజ్‌మహల్‌కి వెళ్ళాం. మంచు దట్టంగా ఉంది. చాలాసేపు ఏమీ కనబడలేదు. పాలరాతి నేల మీద వట్టికాళ్ళతో నడుస్తుంటే చలి మోకాళ్ళదాకా ఎక్కింది. మెల్లగా మంచు పలచబడి, ముందు పైన గుండ్రటి భాగం, తరువాత గోడలు బయటపడ్డాయి. అత్త నోరు తెరుచుకుని నిలబడిపోయింది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. లోపల ఒక ముసలాయన దీపం పట్టుకుని, రాణి ఎలా పోయిందో, రాజు ఎన్నేళ్ళు కట్టించాడో హిందీలో చెప్పాడు. అమ్మ మెల్లగా తెలుగులో చెప్పింది. అత్త అంతా విని, గోరీ మీద చెక్కిన పువ్వుల్ని చూస్తూ ఉండిపోయింది.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాక అంది. "ఒరే తమ్ముడా. ఆడు ఎవుడో గాని, పెళ్ళాం సచ్చిపోనాదని లోకవంతటికీ తెలిసేలాగ ఇంత కట్టినాడు. మన అమ్మ సచ్చిపోనాదని నువ్వొక కాగితం ముక్క మీద రాయనేకపోనావు."

"అప్పా, మెల్లగా" అన్నాడు నాన్న, చుట్టూ చూస్తూ.

"ఏటి మెల్లగా? రెండు దినాలనుంచి నాను సచ్చిపోయిన మనిషిలాగ తిరుగుతన్నాను. నువ్వు అమ్మా అని పిలిసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తన్నాది. అమ్మ జాగాలో కూకుని నాను తిరిగి రాను. నాకు టిక్కెట్టు కొనుక్కుంటాను."

నాన్న బతిమాలాడు. పోయేటప్పుడు నలుగురని సంతకం ఉందనీ, తిరుగు ప్రయాణంలో ముగ్గురే కనబడితే ఇంకా ప్రమాదమనీ చెప్పాడు. అది నిజం. అత్త వినలేదు. యమునలోకి దిగి, అంత చలిలో తల తడిపి, ఇసకతో రుద్ది బూడిద కడిగేసుకుంది. కొంగున కట్టుకొచ్చిన అప్పడాల డబ్బుతో బిలాస్‌పూర్‌కి థర్డ్ క్లాసు టిక్కెట్టు తీసుకుంది. సొంతంగా శాలువా కొనుక్కుందామని దాచుకున్న డబ్బది.

బండిలో ఆవిడ మా ఎదురు బల్ల మీద, పరాయి మనిషిలా కూర్చుంది. నాన్న కొత్త కథ కట్టాడు. మామ్మ ఆగ్రాలో చుట్టాలింట్లో నాలుగు రోజులు ఉండిపోయింది, అంతే. అది నాకూ వల్లె వేయించాడు. చుట్టాల పేరేమిటి, వాళ్ళు ఏం చేస్తారు, ఏ వీధి. నేను అప్పజెబుతుంటే ఆయన పెదవులు కూడా నాతోపాటు కదిలాయి. ప్రతి స్టేషన్‌లోనూ నల్ల కోటు కనబడితే ఇద్దరం ఒకేసారి కళ్ళు దించుకునేవాళ్ళం. క్వార్టరు ఖాళీ చేయమంటే సామాన్లు ఎక్కడ పెడతాం, నేను ఏ బడికి వెళ్తాను, ఇవే నా ఆలోచనలు.

కట్నీలో బండి మారాక, గుండీ ఊడిన కోటాయన ఎక్కాడు. పాసు తీసుకున్నాడు. వెనక్కి తిప్పి సంతకం చూశాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, "మాతాజీ కహాఁ హైఁ?" అన్నాడు.

నాన్న నోరు తెరిచాడు. చుట్టాల కథ మొదలవుతుందని నేను వీధి పేరు మనసులో మళ్ళీ అనుకున్నాను. నాన్న ఎదురుగా ఉన్న అత్తని చూశాడు.

"గుజర్ గయీఁ" అన్నాడు. చనిపోయింది.

అమ్మ నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. కోటాయన సంచి పక్కన పెట్టి, గొంతు తగ్గించి "ఆగ్రా మేఁ?" అన్నాడు. నాన్న మొహం కందిపోయింది. తలకి చుట్టిన మఫ్లరు లాగి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. తల బయటపడింది. ఊళ్ళో గుండు చేయించుకున్న తల మీద జుట్టు రెండు నెలల ఎత్తు పెరిగి ఉంది. ఆ మనిషి ఆ తల చూశాడు, పాసు వెనక సంతకం చూశాడు, తెల్లచీరలో టిక్కెట్టు పట్టుకుని కూర్చున్న అత్తని చూశాడు. ఆయనకి తల్లి ఉందో పోయిందో నాకు తెలియదు. మమ్మల్ని పట్టించడానికి కావలసినదంతా ఆయన కళ్ళ ముందే ఉంది.

జేబులోంచి పెన్సిలు తీసి, పాసులో ఆఖరి వరసలో ఉన్న మామ్మ పేరు మీద నిదానంగా ఒక గీత గీశాడు. పక్కన సంతకం పెట్టాడు. "దఫ్తర్‌లో కూడా రాయించు" అని మాత్రం అని, అత్త టిక్కెట్టు అడగకుండానే ముందుకెళ్ళిపోయాడు.

నాన్న ఊళ్ళో ఏడవలేదని అత్త చాలాసార్లు దెప్పింది. చితి దగ్గర కూడా ఏడవలేదట. ఆ గీత చూసుకుని ఏడ్చాడు. పాసు ఒళ్ళో పెట్టుకుని, పెట్టెలో అందరూ చూస్తుండగా, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అత్త లేచి వచ్చి పక్కన కూర్చుని ఆయన తల తన భుజానికి ఆన్చుకుంది. అమ్మ కూడా ఏడ్చింది.

నేను ఏడవలేదు. మామ్మ నన్ను ఎంత ముద్దు చేసేదో, జ్వరమొస్తే ఎలా పక్కలో పడుకోబెట్టుకునేదో నాకు తెలుసు. అయినా ఇక ఎవరూ నన్ను ఏమీ అడగరని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. మామ్మని కొట్టేసినందుకు మనసులో ఆ టిక్కెట్ కలెక్టర్‌కి దణ్ణం పెట్టుకున్నాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేకపోయాను.