మిక్సీలో వేస్తే సత్తువ పోతుందా?

2005లో నేను కొత్తగూడెంలోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. గని కార్మికుల కుటుంబాలతో పాటు చుట్టుపక్కల అడవి పల్లెల వాళ్లు కూడా మా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ వేసవిలో ఒకరోజు టేకులపల్లి నుంచి సారక్క అనే ఆమె తన భర్త ఓదెలును ఆటోలో తీసుకొచ్చింది.

ఓదెలు బొగ్గు గనిలో కార్మికుడు. గనిలోపల బీడీ, సిగరెట్ నిషేధం కాబట్టి చాలామందిలాగే ఆయన కూడా పొగాకు నమిలేవాడు. నాలుకకు క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి నాలుక సగం తీసేశారు. నోటితో తినే వీల్లేదు కనుక ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేసి పంపారు. అదొక సన్నని గొట్టం. పల్చగా చేసిన ఆహారాన్ని సిరంజితో అందులోంచి పంపాలి. ఆపరేషన్ పుండు మానాక రేడియేషన్ ఇవ్వాలి. మా వైపు దాన్ని "కరెంటు పెట్టుడు" అంటారు.

ఆ రోజు ఆయన ట్యూబ్ మూసుకుపోయింది. గోరువెచ్చని నీళ్లు సిరంజిలోకి తీసుకుని, కొద్దికొద్దిగా పంపుతూ, వెనక్కి లాగుతూ చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఆకుపచ్చటి పిప్పి బయటికొచ్చింది.

"ఏం పోస్తున్నవక్కా ఇందుల?" అని సారక్కను అడిగాను.

"పాలకూర, క్యారెట్, పెసర మొలకలు. అన్నీ పచ్చియే సిస్టర్. రోట్ల నూరి, బట్టల వడగట్టి పోస్తున్న."

"ఇంట్ల మిక్సీ లేదా?"

"ఉంది. మిక్సీల ఏస్తే సత్తువంత పోతదట కదా. ఈయన అసలుకే ఒప్పుకుంటలేడు."

ఆ రోజుల్లో పచ్చి ఆహారం మాట కార్మిక కాలనీల్లో గట్టిగా వినిపించేది. ఎక్కడో ఒక ఉపన్యాసం విన్నప్పటి నుంచి ఓదెలు పొయ్యి మీద ఉడికింది ముట్టడం మానేశాడట. ఆపరేషన్‌కు ముందు క్యారెట్లు, మొలకలు తనే నమిలేవాడు. ఇప్పుడు నమలలేడు గానీ నమ్మకం అలాగే ఉంది. పొగాకు పెట్టిన రోగాన్ని పచ్చి తిండి కడిగేస్తుందని ఆయన ఆశ.

బరువు చూస్తే బాగా పడిపోయింది. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. "ఇంత నీరసంగా ఉంటే రేడియేషన్ మొదలుపెట్టరు. ఆలస్యమైతే గడ్డ మళ్లీ లేస్తుంది. నువ్వే నెమ్మదిగా చెప్పమ్మా. నేనైతే కోప్పడతాను" అన్నారు.

నేను ఓదెలు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"అన్నా, మిక్సీ బ్లేడు తిరిగినంత మాత్రాన సత్తువ పోదు. గాలి తగిలి విటమిన్ సి కొంచెం తగ్గుతది, అంతే. చేసిన వెంటనే పోస్తే అది కూడ పెద్దగ పోదు. క్యారెట్ మెత్తగయితేనే దాంట్ల సత్తువ మన ఒంటికి ఎక్కువ అందుతది. నష్టమంత బట్టల మిగిలే పిప్పితోని. పీచు అందులనే పోతది. అయినా ఈ గొట్టంల పిప్పి పట్టదు, వడగట్టక తప్పదు."

ఆయన ముఖం కాస్త తేలికపడింది. నేను చెప్పాల్సిన అసలు మాట అది కాదు.

"కని ఈ రసం ఎంత పోసినా నీకు సరిపోదు. మాంసకృత్తులు చాలవు, బలం లేదు. నూరి నూరి పోసినా అది నీళ్లే. గట్లనే పచ్చి మొలకల నుంచి కడుపుల ఇన్ఫెక్షన్ వస్తే ఇప్పుడు తట్టుకోలేవు."

ఓదెలు ఏదో అన్నాడు. సగం నాలుకతో మాట తిరగలేదు. సారక్క విని చెప్పింది: "మరి నన్ను బాగుచేసేదేంది అని అడుగుతున్నడు."

"బాగయితదని నేను మాటియ్యలేనన్నా. కరెంటు పెట్టాలంటే మాత్రం ఒంట్ల బలముండాలె."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతవరకు నెమ్మదిగా ఉన్న సారక్క ఒక్కసారిగా అంది: "నువ్వు బతుకుతవని నూరుతున్న నేను. గిట్ల ఎండిపోతుంటే సూసుకుంట కూసోనీకి గాదు."

ఆయన ఇటు తిరిగి ఒక వేలు చూపించాడు. రోజుకు ఒక్క గ్లాసైనా పచ్చిది ఉండాలని. సరేనన్నాను. శుభ్రంగా కడిగిన క్యారెట్, మిక్సీలో వేసి, వడగట్టి, వెంటనే పోయాలి. మిగతా పూటలకు రాగి జావ, పాలు, మెత్తగా ఉడికించి మిక్సీ పట్టిన పప్పన్నం, ఉడకబెట్టి పాలతో మిక్సీ పట్టిన గుడ్డు. పోసిన ప్రతిసారీ నీళ్లతో ట్యూబ్ కడగడం సారక్కకు నేర్పించాను.

బరువు మెల్లగా పెరిగింది. హైదరాబాదులో కరెంటు పెట్టారు. కొన్నాళ్లకు ట్యూబ్ తీసేశారు. మెత్తటి అన్నం నోటితో తినగలుగుతున్నాడని, ఇద్దరూ భద్రాచలం దగ్గరి పర్ణశాల పోయొచ్చారని సారక్క వచ్చి చెప్పింది.

మరుసటి ఏడాది మెడలో గడ్డ లేచింది. ఇక చేయగలిగింది లేదని అక్కడి డాక్టర్లు ఇంటికి పంపారు. మళ్లీ ట్యూబే. దాన్ని మార్చడానికి ఒక ఆదివారం నేను టేకులపల్లి వెళ్లాను. సారక్క నన్ను వాకిట్లోనే ఆపింది.

"పచ్చిది తప్ప ఇంకేం వద్దంటున్నడు సిస్టర్. నిన్ను అడగకుండ ఎట్ల అని ఆగిన. పొయ్యనా?"

"పొయ్యక్కా. ఏమడిగితే అదే పొయ్యి" అన్నాను. ఆమెకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత లోపలికి వెళ్లి క్యారెట్ రసం తీసింది. గొట్టంలో పోస్తే నాలుకకు రుచి తెలియదు. అందుకని ముందు ఒక దూది ఉండను రసంలో ముంచి, మిగిలిన నాలుక మీద అద్దింది.

"తియ్యగున్నదా?"

"అవ్" అన్నాడు ఓదెలు. ఆ మాట నాకూ స్పష్టంగానే వినిపించింది.

వానలు మొదలయ్యే ముందు ఆయన పోయాడు.

మిక్సీలో వేస్తే పోషకాలు పోతాయా అని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. పెద్దగా పోవు, చేసిన వెంటనే తాగండి, నమలగలిగినవాళ్లు నమలండి అని చెబుతాను. కాకపోతే ఇదివరకటిలా వెంటనే చెప్పను. ఆ రసం ఎవరికో, ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో, మిగతా పూటలు ఏం తింటున్నాడో ముందు అడుగుతాను. ఓదెలు విషయంలో ఒకసారి ఒక్క గ్లాసుకు మించి వద్దన్నాను, ఒకసారి ఎంతడిగితే అంత పొయ్యమన్నాను. రెండూ సరైనవేనని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.