సమ్మెలో ఆగని పంపులు

మొన్న తొర్రూరు నుంచి ఫోన్ వచ్చింది, మా ఇంజినీరు సారు పోయారని. ఉద్యోగమంతా భూమి కింద తిరిగిన మనిషి, ఇంట్లో మంచం మీద నిద్రలోనే పోయారట. బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకు ఆ మాట ఎంత ఊరటో చెప్పలేను.

భూపాలపల్లిలో నేను ఆయన కింద పంపు ఖలాసీని. బాయిలో ఊరే నీళ్లు తోడించడం నా పని. సారుది తొర్రూరులో వ్యాపారుల కుటుంబం. "దుకాణంల కూసుంటే గల్ల కాడ ఫ్యానన్న ఉంటది. ఈడేమున్నది సార్?" అని అడిగితే, "బేరమాడేటోళ్లు లేరు" అనేవారు.

జారు చక్రవర్తుల కాలంనాటి రష్యా గని ఇంజినీరు ఒకాయన గురించి సారు ఎక్కడో చదివారట. ఆయన కూలీల కంటే ముందే దిగి, కర్రతో పైకప్పు తట్టి, గుల్ల చప్పుడు రాలేదంటే కూలదని తేల్చుకున్నాకే వాళ్లను రమ్మనేవాడట. మా సారూ అంతే. కప్పు తట్టనిదే మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు కాదు.

"గా రష్యాల సమ్మె చేస్తే ఏం జేసేటోళ్లు సార్?" అన్నాను ఒకసారి.

"తుపాకులు తెచ్చేటోళ్లు."

"గట్లయితే మీరే జర నయం."

తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం మేం నిజంగానే సమ్మెకు దిగాం. బాయి గేటు ముందు రోడ్డు మీద వంటావార్పు పెట్టుకుంటే సారు వచ్చారు. మాతోపాటు కింద కూర్చుని అన్నం తింటూ నెమ్మదిగా చెప్పారు.

"పంపులు బందైనయ్. లోపల నీళ్లు పెరుగుతున్నయ్. ఖలాసీలనన్న దిగనియ్యుండ్రి."

మా యూనియన్ అన్న చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. "ఇయ్యాల నీళ్లంటరు, రేపు బొగ్గంటరు. మీరు మా దిక్కా సార్, కంపెనీ దిక్కా?"

"బాయి దిక్కు. రాష్ట్రం వచ్చినంక పనికి యాడికి పోతరు? మునిగిన బాయిల చేపలు పడతరా? మీకేమో గని, నాకు ఈత రాదు."

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. చెయ్యి కడుక్కొచ్చి ఒక షరతు పెట్టాడు: పంపులు తిప్పొచ్చు, బొగ్గు పెళ్ల ఒక్కటి పైకి రావద్దు.

ఆ రోజు నుంచి సారు మా ఖలాసీలతోపాటే దిగేవారు. పైకొచ్చాక గేటు దగ్గర మా సమ్మె శిబిరం ముందు ఆగి, ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగేవారు. అవి కుందేలు చెవుల్లా వేలాడేవి. "చూస్కో నాయకా" అనేవారు. మొదట్లో అన్న నిజంగానే చూసేవాడు. పోనుపోను ఛాయ్ తెప్పించేవాడు.

సమ్మె ముగిసిన పొద్దున మేం దిగేసరికి సారు కప్పు తట్టి చూడటానికి అప్పటికే లోపలున్నారు. నేల పొడిగా ఉంది. దాని మీది బొగ్గు దుమ్ములో ఆయన బూట్ల అచ్చులు, మా దీపాల వెలుగు అందినంత దూరం. అందరికంటే ముందు నడుస్తున్న అన్న వాటిని తొక్కకుండా పక్కకు జరిగాడు. వెనకున్న మేమూ జరిగాం.