గ్రానైట్ మీద గోనె పట్టాలు

మా మామయ్యగారికి ఇద్దరు ముద్దుబిడ్డలు. ఒకటి హాల్లోనూ వంటింట్లోనూ వేయించిన నల్ల గ్రానైట్, రెండోది దాని మీద పొర్లే జర్మన్ షెపర్డ్. కన్నకొడుకైన మా ఆయనది మూడో స్థానం. తాడేపల్లిగూడెంలో బియ్యం కొట్టు నడిపే మామయ్యగారు ఆ రాయిని స్వయంగా వెళ్ళి ఏరి తెచ్చుకున్నారు. ఇంటికి ఎవరొచ్చినా "వంగి చూడండి, మీ మొహం కనబడుతుంది" అనేవారు. వాళ్ళు పాపం వంగి చూసేవారు. ఎవరి పిచ్చి వారికానందం.

కుక్కకి ఇల్లంతా చెల్లుబాటే, ఒక్క వంటిల్లు తప్ప. అది అత్తయ్యగారి కట్టడి. వాడూ ఎన్నడూ ఆ గడప దాటలేదు.

ఉన్నట్టుండి వాడు వెనక కాలు ఎత్తి ఎత్తి వెయ్యడం మొదలుపెట్టాడు. పొద్దున్నే లేవాలంటే ముందుకాళ్ళ మీద ఒళ్ళంతా ఈడ్చుకుంటూ ఒక మూలుగు మూలిగేవాడు. అది వింటే నాకు కాఫీ గొంతు దిగేది కాదు. వీధిలో తలా ఒక వైద్యం చెప్పారు. "బెణికిందండీ, నువ్వులనూనె రాయండి" అన్నారు ఎదురింటావిడ. అత్తయ్యగారైతే తన మోకాళ్ళనొప్పుల మాత్ర సగం విరిచి బెల్లంముక్కలో దాచి సిద్ధంగా ఉన్నారు. సమయానికి నేను చూసి లాక్కున్నాను.

అందరం కలిసి ఏలూరులో కుక్కల డాక్టరుగారి దగ్గరికి బయల్దేరాం. దెందులూరు దాటేదాకా వాడు నా ఒళ్ళో తల పెట్టి చొంగ కారుస్తూనే ఉన్నాడు. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "తుంటి కీలు వదులుగా ఉందండి, పెద్ద జాతుల్లో ఇది మామూలే. బరువు తగ్గించండి. ఈ మాత్రలు వాడండి. నున్నటి నేల మీద మాత్రం జారనివ్వకండి. మనుషుల మాత్రలు పొరపాటున కూడా వద్దు" అని చిలక్కి చెప్పినట్టు చెప్పారు. ఆ ఆఖరి మాటకి అత్తయ్యగారు కిటికీలోంచి బయటికి చూశారు. మిగతావాటిలో మా చెవికెక్కింది మాత్రల సంగతి ఒక్కటే.

ఆ వారంలోనే మండవల్లిలో మామయ్యగారి స్నేహితుడి చేపల చెరువు చూడ్డానికి వెళ్తూ వాణ్ణీ తీసుకెళ్ళాం. గట్టు మీద మెత్తటి మట్టిలో వాడు కుంటుతూనే కొంగల వెంట పడ్డాడు. "చూశారా, కొల్లేటి గాలి!" అని మామయ్యగారు పొంగిపోయారు. తీరా ఇంటికొచ్చి హాల్లో అడుగుపెట్టాడో లేదో, వెనక కాళ్ళు చెరోవైపు జారి చతికిలబడ్డాడు. లేవలేక మా మొహాలు చూశాడు. డాక్టరుగారి మాట నాకప్పుడు వినబడింది.

"రాయి జారుతోందండీ మామయ్యగారూ" అన్నాను.

ఆయన వంగి వాణ్ణి లేవనెత్తారు. "అయితే వాణ్ణి మండవల్లిలోనే ఉంచేద్దామమ్మా. అక్కడ మట్టినేల, సుఖపడతాడు" అన్నారు వాడి వీపు నిమురుతూ. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రాయి కోసం బిడ్డని పంపేస్తారా అని అడగాలనిపించింది. కోడల్ని కదా, మింగేశాను.

మర్నాడు ఆయన భోజనానికి వచ్చేసరికి హాలు హాల్లా లేదు. అత్తయ్యగారు కొట్టుకి ఫోన్ చేసి ఖాళీ గోనెలు తెప్పించి, కుట్లు విప్పి, పట్టాలుగా కలిపి కుట్టి, అంచులు సోఫా కాళ్ళ కింద దోపి గోడ నుంచి గోడకి పరిచేశారు. నేను సూదిలో దారం ఎక్కించడం తప్ప చేసిందేమీ లేదు.

"ఇదేవిటే, ఇల్లా గోడౌనా?" అన్నారు మామయ్యగారు గుమ్మంలోనే ఆగిపోయి.

"వాడు ఎక్కడికీ వెళ్ళడండీ" అంటూ అత్తయ్యగారు మంచినీళ్ళ గ్లాసుతో హాలు మధ్యలోంచి నడిచి వచ్చారు. వాడూ లేచి, కుంటుకుంటూనే, జారకుండా ఆవిడ వెనకే వచ్చాడు.

మామయ్యగారు కుక్కని చూడ్డం లేదు. "నువ్వెప్పుడూ గోడ పట్టుకుని కదా వచ్చేదానివి?" అన్నారు.

"ఈ రాయి వేయించిన దగ్గర్నుంచీ నాకు భయమేనండీ. మీరంత ముచ్చటపడ్డారని చెప్పలేదు."

ఆయన గ్లాసు అందుకున్నారు గాని తాగలేదు.

సాయంత్రం కొట్టు కట్టేసి వస్తూ గోనెల కట్ట ఒకటి తనే భుజాన వేసుకొచ్చారు. మళ్ళీ ఎందుకండీ అని అడిగాను.

"వంటింట్లోకమ్మా" అన్నారు.