పసుపు పూసిన సీడీ

కంప్యూటర్‌లో ఒక గడికి టిక్కు పెట్టడానికి కూడా మీకు మంచిరోజు కావాలా?

ఇంటర్నెట్ సెంటర్లు వీధివీధినా వెలిసిన రోజుల్లో విజయవాడ వన్ టౌన్‌లో ఒకదానికి వెళ్లాను. ఆ సాయంత్రం ఐదింటికి సభలో నేను చదవాల్సిన వ్యాసాన్ని చల్లపల్లి మిత్రుడు టైపు చేసి మెయిల్‌లో పంపాడు. తెరిస్తే అక్షరాలకు బదులు అన్నీ డబ్బాలే.

“మా సిస్టమ్‌కి తెలుగు రాదండీ,” అన్నాడు యజమాని.

“వస్తుంది. కంట్రోల్ పానెల్‌లో మన భాషల గడికి టిక్కు పెట్టాలంతే,” అని నేనే పెట్టాను. వెంటనే అది తెలుగు ఫైళ్ల కోసం విండోస్ సీడీ అడిగింది. ఆ సీడీ దసరా పూజనాటి పసుపుతో అలమరలో దుర్గమ్మ పటం ముందుంది.

“మంగళవారం తియ్యకూడదండీ. సిస్టమ్ పోతే మీరు బాగుచేయిస్తారా?”

“కరెంటు మాత్రం మంగళవారం కూడా వాడుకుంటున్నారే!”

పక్కవాళ్లు నవ్వేసరికి తీసిచ్చాడు. పసుపు తుడిచి లోపల పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే నా వ్యాసం తెలుగులోనే కనిపించింది. అతను పటానికి దణ్ణం పెట్టి, “అంతా అమ్మ దయండీ!” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. తెలియనిదానికి బొట్టు పెట్టేసి, ఇక తెలుసుకోనక్కర్లేదనుకునే జనం మనం. ఆ గడులు మీ ఇంటి కంప్యూటర్‌లోనూ ఉన్నాయి. ఈ రోజే తెరిచి ఏది దేనికో చదవండి, కావలసినదానికి మీ చేత్తో టిక్కు పెట్టండి.