అవ్వకు పెట్టిన కరెంటు

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా వీధి పొడుగునా పలకల దొంతరలే ఉండేవి. మా నాయనకు రాతిని కోసి బడిపలకలు చేసే షెడ్డు ఉండేది. ఆ రాతి పొడి మా జుట్టులో, అన్నంలో, ఆఖరికి దేవుడి పటాల మీద కూడా పడేది. రాయంటే నాకు ఉలుకూ పలుకూ లేని వస్తువు, అంతే.

ఒక ఏడు మా అవ్వకు, అంటే నాయన వాళ్ళమ్మకు, గొంతులో పుండు లేచింది. గుంటూరు డాక్టర్లు క్యాన్సర్ అన్నారు, కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్ వైద్యాన్ని మా వైపు అందరూ అట్లాగే అంటారు. ఆ మాట వినగానే అవ్వ మంచం దిగనంది. పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి మా కాడెద్దు గిలగిలా కొట్టుకుని చావడం ఆమె కళ్ళారా చూసింది. "నా గొంతుకు తీగలు చుడతారా? చచ్చినా రాను పోండిరా," అనేసింది. నాయన బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు. అవ్వ మాకిక దక్కదేమోనని భయమేసింది.

కాలేజీలో ఫిజిక్స్ చదివే పక్కింటి అక్క అప్పుడే సెలవులకు వచ్చింది. సంగతి విని, మంచం పక్కన కూర్చుని, నా పలక తీసి అవ్వ చేతిలో పెట్టింది.

"నీకు పెట్టే కరెంటు అసుమంటిదే దీంట్లో నుంచి కూడా వస్తాంటాది అవ్వా. ఎంతో కాదులే, రవ్వంత."

అవ్వ పలకను కింద పడేయబోయింది. అక్క నవ్వి, నిదానంగా చెప్పుకొచ్చింది. రాళ్ళలో కొన్ని పరమాణువులు ఎవరూ కొట్టకుండానే తమంతట తామే విరిగి కిరణాలు చిమ్ముతాయట. ఆల్ఫా అనేదాన్ని కాగితం కూడా ఆపేస్తుంది. బీటా కాగితాన్ని దాటిపోతుంది గానీ పలక మందం దగ్గర ఆగిపోతుంది. గామా మాత్రం పలకల దొంతర అడ్డం పెట్టినా దూసుకుపోతుంది, దాన్ని అణచాలంటే మందపాటి సీసం కావాలి.

"అది మీ తాత మాదిరి ఉండాదే. ఎవురు అడ్డం పడినా ఆగినాడా?" అంది అవ్వ నా వైపు చూసి. చాన్నాళ్ళకు ఇంట్లో అందరం నవ్వాం.

గుంటూరులో ఇట్లా కిరణాలు చిమ్మే కోబాల్టు అనే లోహాన్ని సీసపు పెట్టెలో ఉంచుతారని, పెట్టె కంత తెరిస్తే దాని గామా కిరణం చర్మం దాటి పుండును మాడుస్తుందని, తీగలేమీ తగలవని అక్క చెప్పింది. చుట్టూ ఉన్న మంచి కండ కూడా కొంత కమిలిపోతుందని దాచకుండా చెప్పింది.

అవ్వ చాలాసేపు పలకను నిమిరింది. "దీన్ని ఆపేదానికి స్విచ్చి లేదా?"

"లేదవ్వా. మనుషులు పుట్టకముందు నుంచీ అదట్లే."

అవ్వ పలకను ఒళ్ళో పెట్టుకుని దానికి రెండు చేతులూ జోడించింది. నేను అ ఆలు దిద్దిన రాయి, బడికి సంచిలో మోసుకుపోయిన రాయి, ఊరంతా నిద్రపోతున్నా తన పని తాను చేసుకుంటూనే ఉందన్నమాట! ఆ ఆశ్చర్యం నాకింకా తీరలేదు.

మర్నాడే నాయన వెంట అవ్వ రైలెక్కింది. తిరిగొచ్చాక గొంతు బొంగురుపోయింది గానీ మనిషి మాకు దక్కింది. నా పెళ్ళిలో ఆ బొంగురు గొంతుతోనే పాట పాడింది. కంటికి కనపడని ఆ కిరణానికి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఎవరైనా భయపడి మొండికేస్తే ఇప్పటికీ నేను కోప్పడను. పక్కన కూర్చుని, ఏ మాట విని భయపడ్డారో ముందు అది అడుగుతాను.